తునికిగట్టు మీద ఎర్ర పేలికలు

మనవరాల్ని ఇంటికి తెచ్చేసుకోవడానికే మణెమ్మ ఆ రోజు తెల్లారకుండా బస్సెక్కింది. అందులో దాపరికమేమీ లేదు. చల్లపల్లి బస్టాండులో కండక్టరుకు చెప్పింది. పక్క సీట్లో వంకాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావిడకు చెప్పింది. బెజవాడలో దిగి కొండపల్లి బస్సు కోసం నిలబడ్డప్పుడు, అడగని వాళ్ళకు కూడా చెప్పింది.

"మా రూతుని కొండమీద బోర్డింగులో పడేశారండీ. ఆ చదువూ వద్దు, ఆ కొండా వద్దు. తెచ్చేసుకుంటున్నా."

రూతు మణెమ్మ కొడుకు ఇశ్రాయేలు కూతురు. పాలు మాన్పించిన నాటి నుంచి నాయనమ్మ పక్కలోనే పడుకుంది. తల్లి దానమ్మ నాట్లకూ కోతలకూ పోతే, పిల్లకు అన్నం పెట్టిందీ, జడలేసిందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ మణెమ్మే. అటువంటి పిల్లను, ఎనిమిదో తరగతికి రాగానే, పాస్టరుగారు మంచి బడి అన్నారని ఇశ్రాయేలు తీసుకెళ్ళి కొండపల్లి అవతల అడవిలో ఉన్న తునికిగట్టు బోర్డింగు స్కూల్లో చేర్చాడు. ఏటి ఒడ్డున పవర్ హౌసు కడుతున్న రోజులవి. ఆ లారీల దుమ్ములోనే పిల్ల ట్రంకుపెట్టె మోసుకుంటూ వెళ్ళింది.

ఆ బడి తీరే వేరు. సగం చదువు గదిలో, సగం చదువు అడవిలో. పొద్దున లెక్కలూ ఇంగ్లీషూ చెబుతారు, మధ్యాహ్నం కొండెక్కిస్తారు. చెట్ల పేర్లు, పిట్టల కూతలు, దారి కనుక్కోవడం, మూడు రాళ్ళు పెట్టి వండుకోవడం, తాడు పట్టుకుని బండ దిగడం, అన్నీ పాఠాలే, అన్నిటికీ మార్కులే.

దసరా సెలవలకు ఇంటికొచ్చి రూతు ఇవన్నీ గొప్పగా చెప్పుకుంది. నిలువుబండ మీంచి తాడుతో దిగానంది. ఆరుబయట గోనెపట్టా కింద పడుకున్నానంది. నక్క కూస్తే విన్నానంది. మోకాళ్ళు చూపించింది, చెక్కుకుపోయి ఉన్నాయి. దానమ్మ నవ్వింది, ఇశ్రాయేలు నవ్వాడు. మణెమ్మ మాత్రం కొబ్బరినూనె తెచ్చి ఆ మోకాళ్ళకు రాస్తూ కూర్చుంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన ఎత్తల్లా కాలవ గట్టు, గడ్డివామి. ఆపైన పక్కింటి అమలమ్మ ఒకతి.

"కొండపల్లి అడవిలో చిరుతలు తిరుగుతాయంట వదినా. మేకల్నెత్తుకుపోతాయంట."

"పిల్లల్నో?"

"పిల్లల సంగతి నాకు తెలీదమ్మా. మేకల మాటే విన్నాను."

అది చాలదూ? పిల్ల తిరిగి బడికి వెళ్ళాక మణెమ్మకు నిద్ర లేదు. చివరికి ఓ పొద్దున కొడుకు ముందు నిలబడి, "నేను పోయి తెచ్చేసుకుంటున్నారా" అంది. ఇశ్రాయేలుకు తల్లి సంగతి తెలుసు. "పోయి చూసిరా అమ్మా. చూశాక కూడా తేవాలనిపిస్తే తీసుకురా. నేనడ్డం రాను" అన్నాడు.

అదీ సంగతి. సంచిలో సున్నుండలు, ఓ జత బట్టలు, మనసులో ఒకే మాట.

బస్సు అడవి మొదట్లో దింపింది. బడికి పోయే మట్టిరోడ్డు కొండ చుట్టూ తిరుగుతూ కనపడకుండా పోయింది. అక్కడ పుల్లయ్య అనే పెద్దాయన, బొమ్మలు చెక్కే వాళ్ళకు పొణికి కర్ర తెచ్చిచ్చే ఆయన, మోపు దింపుకుని బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఏం అన్నయ్యా, బోర్డింగు బడి ఇంకెంత దూరం?"

"రోడ్డమ్మట పోతే పొద్దు వాలుద్ది అక్కయ్యా. ఇట్టా అడ్డదారి ఉంది. గట్టెక్కితే రెండు పెద్ద బండలుంటాయి. అక్కడ కుడిచేతి దారి పట్టు. దిగితే బడే."

"చిరుతలుంటాయంటగా?"

"ఉంటాయి. వాటి పని వాటిది. నీ అరుపు వింటే అవే పక్కకు పోతాయిలే."

"నేనరిచానా ఇప్పుడు?"

"మామూలుగా మాట్లాడితేనే ఇట్టా ఉంది కదా అని" అన్నాడు పుల్లయ్య, మోపెత్తుకుంటూ.

మణెమ్మ చీర ఎగదోపుకుని ఎక్కింది. ఆయాసపడుతూ, కూర్చుంటూ, ప్రభువును తలుచుకుంటూ, ఇశ్రాయేల్ని తిట్టుకుంటూ గట్టు మీదికి చేరింది. రెండు బండలూ ఉన్నాయి. కుడిచేతి దారి మొదట్లో కలివిపొద కొమ్మకు ఓ ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంది.

చల్లపల్లి వైపు పుట్టి పెరిగినదానికి ఎర్రగుడ్డ కనపడితే ముందు పార్టీ మీటింగే గుర్తొస్తుంది. ఇక్కడెవరు పెట్టార్రా మీటింగు అనుకుని దగ్గరికి పోయి చూసింది. జెండా కాదు. బెత్తెడు వెడల్పున చింపిన పేలిక. కొత్తగుడ్డ. ఉతికినా రంగు దిగని రకం, వేళ్ళతో నలిపితే తెలిసిపోతుంది.

ఇప్పుడు మణెమ్మ గురించి ఒకటి చెప్పాలి. ఆవిడ బొంతలు కుడుతుంది. వాళ్ళ వాడలో ఆవిడ కుట్టిన బొంత లేని ఇల్లు లేదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, చుట్టూ అంచు వేసి, గింజ గింజంత కుట్టుతో. పాత చీరలకేం, ఎన్నయినా దొరుకుతాయి. అన్నీ వెలిసిపోయినవే. అంచుకు కావలసిన మంచి ఎరుపు మాత్రం దొరకదు. దర్జీ కొట్టు ముందు నుంచి పోతూ కూడా ఆవిడ కళ్ళు నేలమీదే ఉంటాయి. అటువంటి మనిషికి నడి అడవిలో, అడిగే నాథుడు లేకుండా, చెట్టుకు ఎర్రగుడ్డ వేలాడుతోంది.

చింపితే పాడవుతుందని పంటితో ముడి వదులు చేసి విప్పింది. మడిచి కొంగులో వేసుకుంది. తలెత్తి చూస్తే ఇంకాస్త దూరంలో, తునికి చెట్టుకు, ఇంకోటి. దాని దగ్గర నిలబడితే ఆవలి మలుపులో మరోటి. ఎవరి పెళ్ళికి కట్టారో, ఎవరు మరిచిపోయారో అనుకుంటూ, ఒకటి విప్పి ఇంకోదాని ఆశ మీద నడిచింది మణెమ్మ. మధ్యలో కట్టెలవాళ్ళ కాలిబాటలు ఎన్ని చీలాయో ఆవిడ చూడనే లేదు. ఒక్క చోట కూడా దారి తప్పకుండా బడి ముందు తేలింది. అదెలా జరిగిందో ఆవిడకు తట్టనూ లేదు.

పెంకుటి వసారాలు, మధ్యలో గంట, పక్కన పాదులు. హెడ్మాస్టరు సంజీవరావుగారు కళ్ళజోడు సర్దుకుంటూ ఎదురొచ్చి, బల్ల చూపించి, మజ్జిగ తెప్పించారు. మణెమ్మ మజ్జిగ తాగి మూతి తుడుచుకుని నేరుగా సంగతిలోకి దిగింది.

"పిల్లని తీసుకుపోదామని వచ్చానండి. ఇంక బడికి పంపం."

"అలాగేనండీ. ఇశ్రాయేలుగారికి తెలుసా?"

"వాడి కాళ్ళకు చెప్పులు తొడిగిందాన్ని నేను. వాడికి తెలిసేదేంటి. పిల్లేదండీ?"

సంజీవరావుగారు పక్కనున్న రమాసుందరి టీచరు వైపు చూశారు. పిల్లల్ని అడవికి తీసుకెళ్ళే టీచరు ఈవిడే. గోచీపెట్టి కట్టిన చీర, కాళ్ళకు గుడ్డ బూట్లు, మెళ్ళో ఈల.

"ఈవేళ వాళ్ళ పరీక్ష మామ్మగారూ" అంది టీచరు. "కొండ అవతల వైపు పొద్దున జీపులో దింపొచ్చాం. వాళ్ళంతట వాళ్ళు దారి చూసుకుని రావాలి. టీ వేళకు వచ్చేస్తారు. ఈవేళ ముందు నడిచేది మీ రూతే."

"తోడెవరు?"

"ఒకళ్ళకొకళ్ళు తోడు."

మణెమ్మ మజ్జిగ గ్లాసు ఠంగున బల్ల మీద పెట్టింది. తరవాత అందుకుంది చూడండి. ఆడపిల్లల్ని అడవిలో వదిలి ఇక్కడ మజ్జిగలు తాగుతారా అంది. మా వాడలో గేదెదూడను పంపినా వెనక మనిషిని పంపుతాం అంది. ఇటువంటి బడి ఈ జిల్లాలోనే కాదు, పక్క జిల్లాలో కూడా ఉండదు అంది. సంజీవరావుగారు అన్నిటికీ "అవునండీ, నిజమేనండీ" అంటూ విన్నారు. ఎదుటి మనిషి తిరిగి అనకపోతే ఎంతసేపని తిడతాం? మణెమ్మకు అలుపొచ్చింది. సంచిలో సున్నుండల డబ్బా తీద్దామని వంగింది. వంగేసరికి కొంగు జారింది. ఎర్ర పేలికలన్నీ వసారాలో కుప్పగా పడ్డాయి.

రమాసుందరి టీచరు చటుక్కున వంగి ఒక పేలిక చేతిలోకి తీసుకుంది.

"ఇవెక్కడివి మామ్మగారూ?"

"దారిలో చెట్లకు వేలాడుతున్నాయమ్మా. ఎవరో పారేశారు. బొంతకు అంచు..."

"రెండు బండల దగ్గర్నుంచా?"

"ఆ. అక్కణ్ణుంచి ఇక్కడి దాకా. ఒక్కటి వదల్లేదు."

టీచరు మెట్ల మీదికి వచ్చి కొండ వైపు చూసింది. ఆ పేలికలు నిన్న తను కట్టినవే అని చెప్పింది. పిల్లలు కొండ అవతల నుంచి వాటిని చూసుకుంటూ వస్తారు. దారి చీలిన చోటల్లా, ఎటు తిరగాలో అటు వైపు ఒక పేలిక ఉంటుంది. రెండు బండల దాకా అవి ఉన్నాయి. ఆ తరవాత ఇంకేమీ లేవు.

మణెమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా పైకి ధైర్యంగానే అంది. "పోన్లెండి టీచరమ్మా. గట్టు మీంచి బడి పైకప్పు కనపడుతోంది కదా. నేను చూశాను. చక్కగా అటే నడిచొస్తారు."

"నా భయం అదే మామ్మగారూ" అంది టీచరు. "మన డెల్టా వైపు పిల్లలంతా మొదటి ఏడు అదే చేస్తారు. మన ఊళ్ళలో కంటికి కనపడిందంటే చేరిపోయినట్టే కదా. మధ్యలో ఏముంటుంది, ఓ పంటకాలవ, దానిమీద ఓ తాటిపట్టె. ఇక్కడ అలా కాదు. ఆ బండలకూ ఈ పైకప్పుకూ మధ్య పెద్ద లోయ. అంచు దాకా బోదగడ్డి పెరిగి ఉంటుంది. కాలు జారే దాకా కింద నేల లేదని తెలీదు. అందుకే పేలికలు కుడి పక్క నుంచి చుట్టూ తిప్పి కట్టాం."

సంజీవరావుగారు గంట వైపు పరుగెత్తారు, వినపడితే పిల్లలొస్తారని. టీచరు కేకేసి ఆపింది. "వద్దండి. గంట వింటే తిన్నగా గంట వైపే వస్తారు."

ఆయన తాడు వదిలేసి అక్కడే నిలబడిపోయారు.

మణెమ్మ అప్పటికే పేలికలన్నీ కొంగులోకి ఎత్తేసుకుంది. "పదమ్మా."

"మీరుండండి మామ్మగారూ, నేను పోయొస్తాను."

"విప్పింది నేను. కట్టేదీ నేనే. ఒకవేళ మనం ఒక పక్కనుంటే వాళ్ళు ఇంకో పక్క దిగొస్తేనో? గుడ్డ ఉండాలి కదా దారిలో."

ఆ మాటలో తప్పు లేదు. పైగా ఆవిడ ముందు నడుస్తోంది. నాట్లకు దిగినట్టు చీర మోకాళ్ళ పైకి దోపింది. వచ్చేటప్పటి ఆయాసం ఎక్కడికి పోయిందో. ప్రతి మలుపులో ఆగి, ఏ కొమ్మకు ఏ పేలిక ఉందో ఆ కొమ్మకే కట్టింది. ఇది పరికి కంప, నా చీర పట్టుకుంది. ఇది రెండుగా చీలిన చెట్టు, దీని ముడి గట్టిగా ఉండి పన్ను కదిలింది. ఇక్కడ చీమలు కుట్టాయి. నోరు అవన్నీ చెబుతూనే ఉంది గానీ లోపల ఇంకొకటి నడుస్తోంది. రూతు కాలవ గట్టున పెరిగిన పిల్ల. పొలానికడ్డంపడి పోవడం తనే నేర్పింది. అదిగో చర్చి గోపురం, దాన్ని చూసుకుంటూ నడువు, ఎక్కడికీ పోవు అని చిన్నప్పుడు వేలు పెట్టి చూపించింది తనే. పిల్ల ఇప్పుడు ఆ పైకప్పు చూస్తుంది. నాయనమ్మ చెప్పినట్టే నడుస్తుంది.

"తండ్రీ" అంది మణెమ్మ గొంతులోనే. "ఈ ఒక్కసారికి పిల్ల నా మాట వినకుండా చెయ్యి."

టీచరుకు కూడా మాట కావాలనిపించినట్టుంది. "మాది గన్నవరం పక్కన మామ్మగారూ. మా నాన్న తిరుపతిరావుగారు బడిపంతులు. కొత్తగా వచ్చినప్పుడు నేనూ అలాగే పైకప్పు చూసుకుంటూ నడిచాను." గడ్డం కింద మచ్చ చూపించింది. "మధ్యలో చెట్టు అడ్డం తగిలింది కాబట్టి బతికాను. ఈవేళ బండల దగ్గర మనిషిని పెట్టాల్సింది. పెట్టలేదు. అది నా తప్పు."

"మీ తప్పు తరవాత చూద్దాం. నడువమ్మా."

గట్టెక్కేసరికి ఎండ పచ్చబడింది. రెండు బండలూ ఉన్నాయి. పిల్లలు లేరు. బడికేసి తిరిగితే ఎడమ పక్క బోదగడ్డి గాలికి ఊగుతోంది, మన పొలాల్లో వరిచేను ఊగినట్టే, అంత నున్నగా. దాని మీదుగా దూరంగా బడి పైకప్పు. నాలుగు అడుగులు వేస్తే అందుతుందన్నట్టు ఉంది. మణెమ్మ ఆ గడ్డి వైపు చూడలేక మొహం తిప్పుకుంది. ఎక్కడయినా తొక్కిన జాడ ఉందేమోనని టీచరు అంచు పొడుగునా వంగి చూసుకుంటూ పోయింది. తిరిగొచ్చి ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది.

చెట్ల మీది పిట్టలు గుప్పున లేచాయి. మణెమ్మ బండను పట్టుకుని నిలబడింది.

వెనక నుంచి, వాళ్ళు వచ్చిన వైపు కాదు, కొండకు అవతలి పల్లంలోంచి, ఈల బదులు పలికింది. పొట్టిగా, మళ్ళీ పొట్టిగా, మళ్ళీ.

టీచరు కళ్ళు మూసుకుని తెరిచింది. "ఉన్నారు. వెనక్కి పోయారు" అంది. ఆ మాట అనగానే ఆవిడ పరుగు చూడాలి. ఆవిడ వెనక మణెమ్మ పరుగు ఇంకా చూడాలి.

కాస్త దిగితే ఓ పాలచెట్టు. దాని కొమ్మకు పేలిక, మణెమ్మ చెయ్యి పడనిది. చెట్టు కింద ఆడపిల్లలు గుండ్రంగా కూర్చుని సీతాఫలాలు ఒలుచుకు తింటున్నారు. దేనికో పోట్లాడుకుంటున్నారు కూడా. వాళ్ళ మధ్య రూతు, తెరేసమ్మ అనే పొడుగుపాటి పిల్ల లంగా కుచ్చెళ్ళ మీద చక్కగా చాపేసుకున్నట్టు కూర్చుని ఉంది.

తెరేసమ్మే ముందు మొదలెట్టింది. "చూడండి టీచర్. గుడ్డల్ని కోతులెత్తుకుపోయుంటాయి, బడి అదిగో కనపడుతోంది, పోదామే అంటే ఇది నన్ను కదలనివ్వలేదు. లంగా మీద కూర్చుంది. కొత్త లంగా."

"గుడ్డ కనపడకపోతే చివరి గుడ్డ దగ్గరికి వెనక్కొచ్చి కూర్చోమన్నారు కదా టీచర్" అంది రూతు. "కూర్చోమంటే కూర్చోదు ఇది. అందుకని."

రమాసుందరి టీచరు వాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరి తలలమీదా చెయ్యి వేసి, పక్కకు తిరిగి పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు చూసింది రూతు, టీచరు వెనక నిలబడ్డ మనిషిని.

"నాయనమ్మా? నువ్వేంటే ఇక్కడ?"

మణెమ్మ గబగబా పిల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల కాళ్ళు చూసింది, చేతులు చూసింది, తల నిమిరి చూసింది. అన్నీ ఉన్నాయి. ఉన్నచోటనే కూలబడి, పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి, ముందుకూ వెనక్కూ ఊగింది. రూతు నాయనమ్మ కొంగు చివర ఇంకా మిగిలి ఉన్న ఒక్క ఎర్ర పేలికను చూసింది. కలివిపొదది, కట్టడానికి చెయ్యాడనిది. పిల్ల కళ్ళు చిన్నవయ్యాయి.

"నువ్వు విప్పావా?"

మణెమ్మ తల ఊపింది.

"బొంతకా?"

మళ్ళీ ఊపింది.

రూతు స్నేహితుల వైపు తిరిగింది. "కోతులు కాదే తెరేసమ్మా. మా నాయనమ్మ."

అంతే. ఒక పిల్ల కిసుక్కుమంది, ఇంకొకతి పొట్ట పట్టుకుంది, ఆఖరికి టీచరు కూడా చెట్టుకానుకుని నవ్వింది. మణెమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ఏది ఏదో ఆవిడకే తెలియలేదు. "నవ్వండే, నవ్వండి. కోతే నయం, అది గుడ్డలు విప్పి ఊరుకునేది, ఇట్టా పరుగులు పెట్టేది కాదు" అని ఇంకా నవ్వించింది.

బడికి తిరిగొచ్చేటప్పుడు ఆవిడను పిల్లల మధ్యలో నడిపించారు. ముందు రూతు. బండల దగ్గరికి రాగానే రూతు ఆగి, నాయనమ్మ కొంగులోంచి ఆ చివరి పేలిక తీసి కలివికొమ్మకు కట్టింది. ఎడమ చేతి వైపు బోదగడ్డి అలాగే ఊగుతోంది.

"అమ్మాయ్" అంది మణెమ్మ మెల్లిగా. "నీకు అటు నడవాలనిపించలా?"

"ఎందుకనిపించదు? కాళ్ళు లాగేశాయి నాయనమ్మా. ఓ రెండడుగులు వేశాను కూడా. బడి కనపడుతోంది, ఆకలేస్తోంది. ఇదంతా ఎందుకు వెనక్కి పోవడం అనిపించింది." పిల్ల ముడి ఓసారి లాగి చూసింది. "తాడుతో బండ దిగడం ఏముంది, అందరూ చూస్తుంటారు, దిగేస్తాం. ఇట్టా కూర్చోవడమే కష్టం. ఎవరూ రాకపోతే ఎట్టా అనిపిస్తుంది."

మిగతా దారంతా మణెమ్మ పిల్ల మడమల వంకే చూస్తూ నడిచింది. చెక్కుకుపోయిన చోట తోలు గట్టిపడి ఉంది. ఎక్కడ రాయి కదులుతుందో తెలిసిన కాళ్ళలా పడుతున్నాయి ఆ అడుగులు.

బడి ముందు సంజీవరావుగారు గంట తాడు దగ్గరే ఉన్నారు, పోయినప్పుడు ఎలా నిలబడ్డారో అలాగే. పిల్లల తలలు లెక్కపెట్టుకుని, ఊపిరి వదిలి, అప్పుడు గంట కొట్టారు. టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టారు. సున్నుండల డబ్బా ఒక్క చుట్టులో అడుగంటింది. తెరేసమ్మకు మణెమ్మ ఒకటి ఎక్కువే ఇచ్చింది, లంగా నలిగినందుకు.

దీపాలు పెట్టే వేళకు హెడ్మాస్టరుగారు వసారాలోకి వచ్చారు. మాట మరిచే మనిషి కాదాయన.

"మణెమ్మగారూ, రేపు పొద్దున మొదటి బస్సుకు వెళ్ళాలంటే రూతు పెట్టె ఇప్పుడే సర్దించాలి. సర్దమంటారా?"

రూతు చేతిలో గ్లాసు ఆగిపోయింది. నాయనమ్మ ఎందుకొచ్చిందో పిల్లకు అప్పుడే తెలిసింది. బతిమాలలేదు, ఏడవలేదు. నాయనమ్మ మొహంలోకి చూస్తూ కూర్చుంది, అంతే. పాలచెట్టు కింద కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది అనుకుంది మణెమ్మ.

ఆవిడ కాసేపు కొండ వైపు చూసింది. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. గట్టు నల్లగా, పెద్ద గేదె పడుకున్నట్టు ఉంది. భయం లేదని కాదు. ఉంది. ఇంటికి పోయాక మళ్ళీ నిద్ర పట్టని పూటలు ఉంటాయని ఆవిడకు తెలుసు. కానీ నా మాట వినకుండా చెయ్యి అని అడిగింది తనే కదా. విన్నాడు కదా ఆయన. ఇప్పుడు మళ్ళీ పోయి, అది కాదు తండ్రీ, ఇంకోటి అంటే ఏం బాగుంటుంది?

"పెట్టె ఎందుకండీ సర్దడం" అంది. "సెలవలకు ఎటూ వస్తుంది కదా."

"బడి మానిపిస్తానన్నారు?"

"నేనా? ఎప్పుడన్నాను?"

సంజీవరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అవునండీ, నిజమేనండీ" అన్నారు.

రూతు గ్లాసు పక్కన పెట్టి, లేచొచ్చి, నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని బల్ల మీద పడుకుంది. పిల్ల ఒళ్ళంతా ఆకుల వాసన, సీతాఫలం వాసన. మణెమ్మ జడ విప్పి చిక్కు తీయడం మొదలెట్టింది. తీస్తూ తీస్తూ, ఎదురుగా బూట్లు విప్పుకుంటున్న టీచరును పిలిచింది.

"టీచరమ్మా. క్రిస్మస్ సెలవలకు పిల్లని తీసుకుపోవడానికి నేనే వస్తాను. ఏ దారిన రమ్మంటారు?"

రమాసుందరి టీచరు తలెత్తకుండానే చెప్పింది.

"రోడ్డమ్మట రండి మామ్మగారూ. మీకోసం జీపు పంపిస్తాం."